పాయింటర్ దగ్గర ఆగిన పిల్లవాడికి డేటా సైన్స్ కోర్సా?

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. డేటా స్ట్రక్చర్స్ (కంప్యూటర్‌లో సమాచారాన్ని అమర్చే పద్ధతులు) సబ్జెక్టులో తప్పాడు. ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాస్తోందని, ఆ సబ్జెక్టుకు విలువ పోయిందని మా బంధువుల అబ్బాయి అంటున్నాడు. బెంగళూరులోని ఒక సంస్థ ఆన్‌లైన్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు లక్షన్నర అడుగుతోంది. సప్లిమెంటరీకి కష్టపడటం మేలా, కోర్సులో చేరడం మేలా?

జవాబు: అయ్యా, చదివిస్తున్న పిల్లవాడికి రేపు ఉద్యోగం రాదేమోనన్నది మీ అసలు దిగులు. రెండో సంవత్సరంలో ఒక సబ్జెక్టు పోతే ఉద్యోగం పోదు. ముందు ఆ మాట ఇంట్లో గట్టిగా చెప్పండి.

ఈ సబ్జెక్టు తప్పి నా దగ్గరికి ఏటా కొందరు వస్తారు. కదిపి చూస్తే ఎక్కువమందికి చిక్కు మొదటి సంవత్సరం సీ భాషలోనే పడి ఉంటుంది. పాయింటర్లు, అంటే మెమరీలో ఒక విలువ ఎక్కడుందో చెప్పే చిరునామాలు, అర్థం కాకుండానే పరీక్ష గట్టెక్కి ఉంటారు. లింక్డ్ లిస్టు అంటే ఒక్కో గడి (నోడ్) తర్వాతి గడి చిరునామా పట్టుకుని ఉండే గొలుసు. గొలుసు మధ్యలో కొత్త నోడ్ చేర్చాలంటే ముందు దాన్ని తర్వాతి నోడ్‌కు కట్టాలి, ఆ తర్వాతే వెనకటి నోడ్‌ను దీనివైపు తిప్పాలి. వరస తప్పితే మిగతా గొలుసంతా చేజారుతుంది. దీన్ని బట్టీపట్టి లాభం లేదు, కాగితం మీద గళ్లు, బాణాలు గీసి చూడాలి. గ్రాఫ్ అంటే భయపడే వాడికి గుంతకల్లు జంక్షన్ చూపించండి. స్టేషన్లు నోడ్లు, వాటిని కలిపే పట్టాలు ఎడ్జిలు, ఆ అల్లికే గ్రాఫ్.

ఇక ఆ కోర్సు. డేటా సైన్స్ మంచి విద్యే, ఆరు నెలల్లో వస్తుందన్న ప్రకటన మీదే నాకు నమ్మకం లేదు. అక్కడ నేర్పే డెసిషన్ ట్రీ కూడా ఈ సబ్జెక్టులోని ట్రీయే (కొమ్మలుగా చీలే అమరిక), పైథాన్ భాషలోని డిక్షనరీ లోపల ఉన్నదీ ఇందులోని హ్యాష్ టేబులే (పేరు ఇవ్వగానే దాని చోటు చూపే పట్టిక). ఏఐ కోడ్ రాస్తుంది, నిజమే. 10 లక్షల పేర్లలో రెండుసార్లు వచ్చినవి వెతకమంటే, ప్రతి పేరునూ ప్రతి పేరుతో పోల్చే కోడ్ ఇచ్చిందనుకోండి. లక్ష కోట్ల పోలికలు! హ్యాష్ టేబుల్‌తో అయితే జాబితా ఒక్కసారి చదివితే సరిపోతుంది. ఆ తేడా పట్టుకోగలవాడికే జీతం ఇస్తారు. బంధువుల అబ్బాయి ఈ సంగతి చెప్పలేదా?

కటువుగా ఉన్నా ఒకటి అడుగుతాను. మీ ఉత్తరంలో బంధువుల అబ్బాయి మాట ఉంది, సంస్థ ఫీజు ఉంది, మీవాడు ఏమంటున్నాడో ఒక్క ముక్కా లేదు. వాణ్ని అడిగారా? తప్పినందుకు తిట్టడం వేరు, ఎక్కడ ఆగిపోయావని అడగడం వేరు.

సప్లిమెంటరీ లోపు రోజుకు గంట చాలు. మొదటి రెండు వారాలూ పాయింటర్లే చూడమనండి, ఆ తర్వాత స్టాక్ (చివర పెట్టింది ముందు తీసేది), క్యూ (ముందు వచ్చింది ముందు పోయేది), లింక్డ్ లిస్టు స్వయంగా రాయమనండి, ట్రీలు చివర్లో. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. డేటా సైన్స్ మీద నిజంగా మనసుంటే మూడో సంవత్సరంలో చూడవచ్చు. ఆ సంస్థకు అడ్వాన్సు కట్టి ఉంటే మాత్రం రేపే రసీదు తీసి వెనక్కి అడగండి.