వ్యాన్ లోడుకు చేతిలో మిగిలేదెంత?

ప్రశ్న: గ్రీన్‌కార్డు వచ్చింది. ఒహాయోలో కార్గో వ్యాన్ కొని సొంతంగా ఎక్స్‌పెడైటెడ్ లోడ్లు (అర్జెంటుగా చేర్చాల్సిన సరుకు) తోలాలనుంది. మైలుకు 1.20 డాలర్లంటున్నారు. గిట్టుబాటవుతుందా?

జవాబు: ఆ రేటు సరుకున్న మైళ్లకే. 500 మైళ్ల లోడుకు 600 డాలర్లొస్తాయి. దాన్ని ఎక్కించుకోవడానికి ఖాళీగా 200 మైళ్లు వెళితే, మైలుకు పడేది 86 సెంట్లే. గాలనుకు 15 మైళ్లిచ్చే బండికి, గాలను 3.50 చొప్పున, 163 డాలర్లు ఇంధనానికే పోతాయి. మిగిలిన 437లోంచే ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్లు, బండి వాయిదా. నికర లాభం మీద 15.3 శాతం దాకా స్వయం ఉపాధి పన్ను; ఆదాయపు పన్ను వేరే. రెండూ ఏడాదిలో నాలుగు విడతలుగా కట్టుకుంటూ పోవాలి.

అసలు దెబ్బ వెయిటింగుది. సరుకు దింపిన ఊళ్లో రెండు రోజులు తర్వాతి లోడు దొరక్కపోతే, పై లెక్కంతా మూడు రోజుల సంపాదన. ఖాళీ మైళ్లకు, డాక్ (సరుకు ఎక్కించే, దింపే చోటు) దగ్గర ఆపిన గంటలకు ఎంతిస్తారో, లోడ్లిచ్చే కంపెనీతో ఒప్పందంలో రాయించుకున్నాకే సంతకం పెట్టండి. బండి కొనడం ఆ తర్వాతే.