నాన్న పీఈటీ అవ్వమంటున్నారు, నాకేమో ఒలింపిక్స్ రన్నర్లకి కోచ్ అవ్వాలనుంది, ఏం చెయ్యాలి?

విజయనగరం వైపు పల్లెటూరి నుంచి 23 ఏళ్ల తమ్ముడొకడు రాశాడు. బీఎస్సీ అయిపోయింది, 5000 మీటర్లలో రెండుసార్లు ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లొచ్చాడు, మోకాలి కింద ఉండే షిన్ బోన్‌లో రెండుసార్లు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు, వచ్చేసరికి డాక్టర్ ఇక సీరియస్ రన్నింగ్ మానెయ్యమన్నాడంట. ఇప్పుడు ఊళ్లో ఆర్మీ ర్యాలీ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే ఎనిమిది మంది కుర్రాళ్లని పొద్దున్నే తనే పరిగెత్తిస్తున్నాడు. "నాన్నేమో బీపీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు, నాకేమో ఆసియా గేమ్స్, ఒలింపిక్స్ స్థాయి లాంగ్ డిస్టెన్స్ గ్రూప్‌కి కోచ్ అవ్వాలనుంది, ఏ కోర్సు చేస్తే అవుతాను" అని అడిగాడు.

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు బాగా నచ్చింది ఆ ఎనిమిది మంది గురించి నువ్వు రాసిన నాలుగు లైన్లు, ఎవడు మొదటి రౌండ్‌లోనే గుడ్డిగా పరిగెత్తి మూడో రౌండ్‌కి చతికిలబడతాడో, ఎవడు బూట్లు లేక ఉత్త కాళ్లతో తారురోడ్డు మీద పరిగెడుతున్నాడో అన్నీ రాశావ్ కదా, నిన్నెవరూ అడక్కుండానే రాశావ్. కోచ్ అయ్యేవాడి కన్ను అలాగే ఉంటుంది.

నువ్వు ఏ కోర్సు అని అడిగావ్, కోర్సుల సంగతి చెప్తాను గానీ ఈ పని కోర్సుతో వచ్చేది తక్కువ, ఒక మంచి కోచ్ పక్కన రెండుమూడేళ్లు నిలబడి చూస్తే వచ్చేది ఎక్కువ. నాన్నగారి మాటకీ నీ కలకీ గొడవ ఉందనుకుంటున్నావ్ కదా, నాకైతే కనబడటం లేదు. కెన్యాలో ఈటెన్ అనే ఊళ్లో సెయింట్ ప్యాట్రిక్స్ హైస్కూల్ ఉంది, 1976లో ఐర్లండ్ నుంచి కోల్మ్ ఓకానెల్ అనే ఆయన అక్కడికి జాగ్రఫీ టీచర్‌గా వచ్చాడు, అథ్లెటిక్స్‌లో ఆయనకి ఏ ట్రైనింగూ లేదు, పిల్లలు పరిగెడుతుంటే చూస్తూ చూస్తూ నేర్చుకున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు 1:40.91లో పరిగెత్తి వరల్డ్ రికార్డు కొట్టిన డేవిడ్ రుదీషా ఆయన చేతిలో తయారైనవాడే. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అయితే బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, వారానికి నూరు మైళ్ల పరుగు ముందు తన ఒంటి మీదే ప్రయోగం చేసి చూసుకుని, ఆ తర్వాత తన చుట్టుపక్కల కుర్రాళ్లకి నేర్పాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు ఇద్దరు ఆయన శిష్యులు, పీటర్ స్నెల్ 800లో, ముర్రే హాల్‌బర్గ్ 5000లో గోల్డ్ కొట్టారు. అంటే స్కూల్ గ్రౌండ్, నెల జీతం, పిల్లలు, ఈ మూడూ చేతిలో ఉన్న పీఈటీ ఉద్యోగం నీ కలకి అడ్డమేం కాదు, మొదటి పదేళ్లు నిన్ను నిలబెట్టేది అదే అవ్వొచ్చు.

మనవాళ్ల సంగతికొస్తే నికొలాయ్ స్నెసరేవ్ గురించి నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. బెలారస్ ఆయన, ఏళ్ల తరబడి మన డిస్టెన్స్ రన్నర్లని తీర్చిదిద్దాడు, 2021 మార్చిలో మన పంజాబ్‌లోని పటియాలాలోనే చనిపోయాడు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా గేమ్స్ 10000 మీటర్లలో ప్రీజా శ్రీధరన్ 31:50.47తో గోల్డ్, కవితా రౌత్ 31:51.44తో సిల్వర్, ఇద్దరూ ఆయన గ్రూప్ వాళ్లే, ఇరవై ఐదు రౌండ్ల తర్వాత ఇద్దరి మధ్య ఒక్క సెకను కూడా లేదు! గ్రూప్ కోచింగ్ అంటే ఏంటో దీన్నిబట్టి ఆలోచించు. రోజూ పక్కపక్కనే పరిగెత్తే ఇద్దరు, మెడల్ దగ్గర మాత్రం ఒకరికొకరు పోటీ, ఆ ఇద్దరికీ కోచ్ ఒక్కడే, ఇద్దరూ ఆయన్ని సమానంగా నమ్మాలి.

దీన్ని దగ్గర నుంచి చూడాలని నేనొకసారి గచ్చిబౌలి స్టేడియంకి పొద్దున్నే ఐదున్నరకి వెళ్లాను, తెలిసిన కోచ్ గారు ఒకాయన రమ్మన్నారు. ఆరుగురు రన్నర్లు, ఆ రోజు వర్కౌట్ ఆరు వెయ్యి మీటర్లు, మధ్యలో మూడు నిమిషాల రెస్ట్. ఒకమ్మాయికి 3:20 టార్గెట్ ఇచ్చారు, వరసగా 3:20, 3:19, 3:20, నాలుగోది కూడా 3:19, నాకైతే అద్భుతంగా ఉందనిపించింది. ఆయన నాలుగోది అవ్వగానే "చాలమ్మా, జాగింగ్ చేసి వెళ్లిపో" అన్నారు. "సార్, ఇంకా రెండున్నాయి" అంది ఏడుపు మొహంతో, "అవి వచ్చే మంగళవారానికి దాచుకో" అన్నారు. టైమ్ బానే వస్తోంది కదా సార్ అని నేనడిగితే, "టైమ్ వాచీలో వస్తుంది, ఆ పిల్ల రెస్ట్‌లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది చూశారా, ఎప్పుడూ పెట్టదు, మీట్ ఇంకా మూడు వారాలుంది" అన్నారు. నేను చూడనే లేదు, ఆయనకి కనబడింది. మిగతా ఐదుగురూ అదే టైమ్‌లో ట్రాక్ మీద ఉన్నారు, వాళ్లనీ చూస్తూనే ఉన్నారు.

ఆయన చేతిలో ఒక మామూలు రూళ్ల నోట్‌బుక్ ఉంది, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, పొద్దున లేవగానే పల్స్, ఎన్ని గంటలు నిద్ర, ఎక్కడ నొప్పి, అమ్మాయిలకైతే పీరియడ్స్ తేదీ. ఆ చివరి కాలమ్ చూసి సిగ్గుపడకు, అబ్బాయివి కాబట్టి మరీ చెప్తున్నా, అమ్మాయిలు తిండి తగ్గించి మైలేజ్ పెంచితే ముందు పీరియడ్స్ ఆగిపోతాయి, తర్వాత ఎముకలు బలహీనపడతాయి. స్ట్రెస్ ఫ్రాక్చర్ బాధ నీకు తెలుసు కదా, నీ గ్రూప్‌లో ఏ పిల్లకీ అది రాకుండా చూడటం నీ డ్యూటీ, ఆ విషయం మాట్లాడటానికి ఒక లేడీ డాక్టర్‌ని గానీ ఫిజియోని గానీ మొదటి రోజు నుంచే పక్కన పెట్టుకో.

పెద్ద పోటీలకి తయారుచెయ్యడం ఇంకో చదువు. మన రన్నర్ అవినాశ్ సాబ్లేనే తీసుకో, 2024 పారిస్ ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్‌లో, అంటే అడ్డాలు, నీటిగుంట దూకుతూ పరిగెత్తే 3000 మీటర్ల రేసులో, హీట్ అనే మొదటి రౌండ్‌లో ఐదో స్థానం, ఫైనల్‌కి వెళ్లేది మొదటి ఐదుగురే, రెండ్రోజుల తర్వాత ఫైనల్లో 11వ స్థానం. దానికి నెల ముందు పారిస్‌లోనే డైమండ్ లీగ్‌లో 8:09.91తో నేషనల్ రికార్డు కొట్టాడు. హీట్‌లో ఎంత ఖర్చుపెట్టాలి, ఫైనల్‌కి ఎంత మిగుల్చుకోవాలి, ఒంట్లో ఫామ్ ఏ వారంలో పైకి రావాలి, ఆరునెలల ముందు నుంచి ఈ లెక్కలన్నీ కోచ్ వేసుకోవాలి, పైగా గ్రూప్‌లో ఒక్కొక్కరి క్యాలెండర్ ఒక్కోలా ఉంటుంది. హైట్ ఉన్న చోట ట్రైనింగ్ కూడా అంతే, ఊటీ 2200 మీటర్ల పైనే, ఈటెన్ దాదాపు 2400, సాబ్లే, ఇంకో మన డిస్టెన్స్ రన్నర్ గుల్వీర్ సింగ్, కోచ్ స్కాట్ సిమ్మన్స్ దగ్గర ట్రైనింగ్ తీసుకున్న అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ 1800 పైన. అక్కడ గాలిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి, కానీ ఐరన్ తక్కువున్నవాణ్ని, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ రక్తపరీక్ష కూడా చేయించకుండా కొండెక్కిస్తే నీరసపడి దిగొస్తాడు. మొదటి వారం అందర్నీ నిదానంగా పరిగెత్తించాలి, కుర్రాళ్లు వినరు, వినేలా చెయ్యాలి.

ఇక దారి. నువ్వు ఆంధ్రావాడివి కాబట్టి పీఈసెట్ ఎంట్రన్స్ రాసి బీపీఈడీలో చేరు, రెండేళ్లు, అనాటమీ, ఫిజియాలజీ శ్రద్ధగా చదువు, ఏదో పాసైతే చాలనుకోకు. ఆ తర్వాత పటియాలాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ (ఎన్ఐఎస్)లో అథ్లెటిక్స్ కోచింగ్ డిప్లొమా, మన దేశంలో కోచ్ ఉద్యోగాలకి దానికున్న విలువ వేరు. అక్కడ ఆడిన సర్టిఫికెట్లు అడుగుతారు, నీ ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్లు రెండూ ల్యామినేషన్ చేయించకుండా జాగ్రత్తగా దాచు, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో రూల్స్ చదివాకే అప్లై చెయ్. అక్కడే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, మంచిదే గానీ డిప్లొమాతో సమానం కాదు, కొందరు రెండూ ఒకటే అని చెప్పి మోసపుచ్చుతారు. వరల్డ్ అథ్లెటిక్స్ లెవల్ కోర్సులు అథ్లెటిక్స్ ఫెడరేషన్ పెడుతుంది, లెవల్ 1 దొరికితే వదలకు. ఇంగ్లిష్ కూడా నేర్చుకో తమ్ముడూ, గట్టిగా పరిగెత్తినప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ గురించి, ట్రైనింగ్ గురించి మంచి సమాచారమంతా అందులోనే ఉంది, గ్రూప్‌లో మలయాళీ, మరాఠీ, హర్యానా పిల్లలుంటే హిందీ కూడా కావాలి. చదువయ్యాక పుణే ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్, బళ్లారి దగ్గర విజయనగర్‌లో ఉన్న ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా (సాయ్) సెంటర్లు, ఇలాంటి చోట ఎక్కడైనా అసిస్టెంట్‌గా, జీతం తక్కువైనా సరే, మంచి డిస్టెన్స్ కోచ్ ఉన్న చోటికే వెళ్లు. పేరున్న బిల్డింగ్ చూసి వెళ్లకు, మనిషిని చూసి వెళ్లు.

రెండు కష్టమైన మాటలు కూడా చెప్పాలి. నువ్వు పెంచిన పిల్లాడు బాగా పరిగెత్తడం మొదలెట్టగానే నేషనల్ క్యాంప్‌కి వెళ్తాడు, అక్కడ ఇంకో కోచ్ ఉంటాడు, పేపర్లో ఆ కోచ్ పేరే వస్తుంది. సాబ్లే కూడా ఆర్మీలో అమ్రీశ్ కుమార్ చేతిలో ఎదిగి తర్వాత అమెరికా వెళ్లాడు. బాధగా ఉంటుంది, అయినా పంపించాలి, పట్టుకు కూర్చుంటే ఆ పిల్లాడే నష్టపోతాడు. రెండోది డోపింగ్. ఎవడో ఒకడు వచ్చి "అందరూ వాడుతున్నారు సార్, మనోడికి కూడా ఇద్దాం" అంటాడు, ఖచ్చితంగా అంటాడు. డోపింగ్ టెస్టులు చేసే జాతీయ సంస్థ నాడా పట్టుకుంటే రన్నర్‌కే కాదు, ఇచ్చిన కోచ్‌కి కూడా నిషేధం పడుతుంది, అంతకంటే ముఖ్యంగా 20 ఏళ్ల పిల్లాడి ఒళ్లు పాడవుతుంది. ఆ మాట అన్నవాణ్ని ఆ రోజే గ్రౌండ్ బయటకి పంపెయ్, మొహమాటపడకు. పిల్లలకి జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్ డబ్బాలు, దగ్గు సిరప్ కూడా నీకు చూపించకుండా తాగొద్దని మొదటి రోజే చెప్పు.

కెన్యాలో ప్యాట్రిక్ సాంగ్ అని ఒకాయన ఉన్నారు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్‌లో సిల్వర్, మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్చోగేని తయారుచేసిన కోచ్. కాప్టగాట్‌లో ఆయన క్యాంప్‌లో ఎంత పెద్ద స్టార్ అయినా వంతులవారీగా ఊడ్చాలి, కడగాలి, కిప్చోగే కూడా. నీ ఎనిమిది మందితో కూడా రేపటి నుంచే అలాంటి పద్ధతి ఒకటి పెట్టు, నీళ్ల బాటిళ్లు ఎవరు తేవాలి, టైమ్ ఎవరు రాయాలి అని వంతులు వెయ్యి.

నాన్నగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు, పీఈసెట్‌కి అప్లై చేస్తున్నానని ముందు అదే చెప్పు, ఆయన సగం శాంతిస్తారు. ఈ ఆదివారం ఒక నోట్‌బుక్ కొని ఎనిమిది పేజీలు గీసి, పొద్దున పల్స్, నిద్ర, నొప్పి, టైమ్, నెల రోజులు ఒక్కరోజు కూడా మానకుండా రాయి, రాసి నాకు ఫోటోలు పంపు, చూసి మాట్లాడదాం. ఆ ఉత్త కాళ్ల కుర్రాడికి బూట్లు దొరికేదాకా తారురోడ్డు మాన్పించి చెరువుగట్టు మట్టి మీద పరిగెత్తించు, వాడి సైజు ఎంతో కూడా రాయి.