మాత్రలు వాడుతున్నా నాన్నగారికి బీపీ తగ్గకపోతే

మీ నాన్నగారికి 58 ఏళ్లు, రాత్రి షిఫ్టు పని, మాత్రలు వాడుతున్నా బీపీ తగ్గడం లేదని రాశారు. మాత్ర పనిచేయకపోవడం కంటే, అది వేళకు పడకపోవడమే కారణం కావచ్చు. రాత్రి షిఫ్టు చేసే ఆయనకు "ఉదయం ఒకటి" అంటే పని నుంచి వచ్చాకా, నిద్ర లేచాకా? చీటీలో అది ఉండదు.

1. డాక్టరుకు షిఫ్టు వేళలు చెప్పి, మాత్ర పక్కన గడియారం సమయం రాయించుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. "అర్థమైందా?" అని అడిగితే పెద్దవాళ్లు తల ఊపేస్తారు, పనిలో నేర్పరులైనవారు మరీను. డాక్టరు గదిలోనే, "నాన్నా, ఏది ఎప్పుడు వేసుకోవాలో, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలో మీ మాటల్లో చెప్పండి" అనండి. తడబడితే లోపం వివరణదే, ఆయనది కాదు. మళ్లీ చెప్పమని డాక్టరును అడగండి. ఆయన సరిగ్గా చెప్పేదాకా లేవకండి.

3. మోకాళ్ల నొప్పికి సొంతంగా కొనే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బీపీని పెంచగలవు. వాడుతుంటే డాక్టరుకు చూపించండి.

4. రీడింగు బాగుందని మాత్ర ఆపనివ్వకండి.

180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటులో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.