'కష్టం' అంటే ఏమిటో ముందు తెలుసుకో

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నాలుగు దేశాల బృందాన్ని నీ చేతిలో పెట్టారని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. ముందుగా ఒక్క మాట. 'సరే', 'చూద్దాం', 'కష్టం' అనే మూడు మాటలకూ ఒక్కో దేశంలో ఒక్కో బరువుంటుంది. మొదటి మూడు నెలలూ వాటిని తూచడం నేర్చుకో.

జపాన్ భాగస్వాములతో నా తొలి సమావేశంలో, గడువుకు రెండు వారాల ముందే పని పూర్తిచెయ్యగలరా అని అడిగాను. ఎదురుగా ఉన్న పెద్దాయన పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చి, తల కాస్త పక్కకు వంచి "ముజుకషీ" అన్నారు. కష్టం అని అర్థం. కష్టమే కదా, ఇంకో ఇద్దరిని వేస్తే సరిపోతుందనుకుని నేను పైవాళ్లకు మాటిచ్చేశాను. ఆయన చెప్పింది 'కుదరదు' అని! గడువు తప్పింది. నా మాట పోయిందన్నది అలా ఉంచు, నావల్ల ఆయన పదిమందిలో తలదించుకోవాల్సి వచ్చింది. ఆ బాధ నాకింకా ఉంది.

అక్కడ చాలాచోట్ల సమావేశానికి ముందే నిర్ణయం అయిపోతుంది. ఒక్కొక్కరినీ విడిగా కలిసి ఒప్పించుకోవడాన్ని 'నెమవాషి' అంటారు. చెట్టును వేరేచోట నాటే ముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చెయ్యడం ఆ మాట అసలు అర్థం. ఆలస్యమవుతోందని విసుక్కోకు. అందరూ ఒప్పుకున్నాక పని పరుగెడుతుంది.

జర్మన్లు, డచ్చివాళ్లు తప్పుంటే ముఖానే చెబుతారు, మనసుకు తీసుకోకు. పై అధికారికి ఎదురు చెప్పే అలవాటు లేనివాళ్లను మాత్రం "సందేహాలున్నాయా?" అని అందరి ముందూ అడగకు. ఎక్కడ తేడా రావచ్చో రాసి పంపమని విడిగా అడుగు.

1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నావళులతో డచ్చి పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ దేశాలవారీగా 'అధికార దూరం' (పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య ఎడాన్ని జనం ఎంత సహజమనుకుంటారో) లాంటివి లెక్కకట్టాడు. చదువు, మంచిదే. కానీ అవి దేశాల సగటులు. మనిషి ఎదుట కూర్చున్నప్పుడు ఆ పట్టిక మూసెయ్యి.

అన్నీ సంస్కృతి మీదికి నెట్టకు కూడా. అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 1997లో జర్మనీకి వెళ్లి 2006లో వెనక్కి వచ్చేసింది. క్యాషియర్లు నవ్వుతూ పలకరించడం అక్కడి కొనుగోలుదారులకు ఎబ్బెట్టుగా తోచిందని అందరూ చెప్పుకుంటారు. కానీ అదొక్కటే కాదు, అక్కడ పోటీ గట్టిది, చట్టమూ వేరు. ఉద్యోగులు ఎన్నుకున్న మండలి సమ్మతి లేకుండా ఆ సంస్థ తెచ్చిన ప్రవర్తనా నియమావళిలో కొన్ని నిబంధనలు చెల్లవని 2005లో కోర్టు తేల్చింది. అందుకని ఏ దేశంలో అడుగుపెట్టినా కార్మిక చట్టం తెలిసినవాళ్లతో ముందే ఒక పూట కూర్చో.

ప్రతి సమావేశం తర్వాత ఎవరు, ఏమిటి, ఎప్పటికి అన్నది రాసి అందరికీ పంపు. 'సరే' అన్నవాళ్లు దాన్ని దిద్ది పంపితే, ఆ దిద్దుబాటే వాళ్ల అసలు జవాబు.

నీ మొదటి సమావేశం అయ్యాక, అందులో ఎవరు నోరు విప్పలేదో నాకు రాయి.

నీ మామయ్య