శుక్రవారం సాయంత్రం కవర్

ప్రశ్న: మాది దేవరకొండ వైపు, మేడమ్. కిందటేడు తహసీల్దార్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. పనుల కోసం వచ్చినవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులు మా ఆఫీసులో శుక్రవారం సాయంత్రం పంచుకుంటారు. నేను ఎవర్నీ అడగను, అయినా నా డ్రాయర్‌లో కవర్ పెడుతున్నారు. వద్దంటే "మమ్మల్ని పట్టిద్దామనా?" అంటున్నారు. రెండు కవర్లు ముట్టుకోకుండా అలాగే ఉంచాను. అడగకుండా వచ్చింది ఉంచుకుంటే తప్పా? కాదంటే ట్రాన్స్‌ఫర్ చేయిస్తారేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పే, తమ్ముడూ. ఆ పైసలు ఎవరివో ఆలోచించు. తండా నుంచి పొద్దున్నే బస్సెక్కి, ఆ రోజు కూలి వదులుకుని, చనిపోయిన తండ్రి పేరున్న రెండెకరాలు తన పేరుకు మార్పించుకోవడానికి వచ్చిన మనిషి అప్పు తెచ్చి ఇచ్చినవి అవి.

చట్టం కూడా అడగడం ఒక్కటే నేరం అనట్లేదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో లంచం తీసుకోవడమూ నేరమే, 2018 సవరణ తర్వాత శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. ఏసీబీ దాడుల వార్తలు చూస్తూనే ఉంటావు కదా, పెద్దసారు చెప్పాడని డబ్బు అందుకుని దొరికిపోయేది చాలాసార్లు అటెండరో ఆపరేటరో.

ట్రాన్స్‌ఫర్ చేయిస్తారన్న నీ భయం ఉత్తదని నేను అనను. అయినా ఆ కవర్లు డ్రాయర్‌లో ఎన్నాళ్లుంటే నీకు అంత ప్రమాదం. తెలిసిన వకీలుతో ఒకసారి మాట్లాడి, ఏసీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1064కి ఫోన్ చేసి వాటిని ఏం చెయ్యాలో అడుగు. ఆలస్యం చెయ్యకు.

ఇక నీ చేతిలో ఉన్న పని సంగతి. దరఖాస్తు తీసుకోగానే తేదీ వేసి రశీదు ఇవ్వు. ఏ కాగితం తక్కువైందో ఒకేసారి రాసివ్వు, రోజుకొకటి చెప్పి తిప్పకు. సర్కారు ఫీజు ఎంతో నోటితో చెప్పు. తన ఫైల్ ఎక్కడుందో తెలియకే కదా ఆ రైతు జేబులో చెయ్యి పెట్టేది! పైసా తీసుకోకుండా ఫైల్‌ను నెలల తరబడి తొక్కిపెట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లను నిజాయితీపరులని నేను అనలేను.

ఇంకొకటి, నాకు రాసేవాళ్లలో చాలామందికి తెలియదు: 2018 నుంచి లంచం ఇవ్వడమూ నేరమే, బలవంతం మీద ఇచ్చినవాళ్లు మాత్రం 7 రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెబితే వాళ్ల మీద కేసుండదు. నీ టేబుల్ దగ్గరికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లకు ఈ మాట చెప్పు.

వచ్చే శుక్రవారం కవర్ పెట్టబోతే అక్కడే, అందరి ముందే తిరిగి ఇచ్చెయ్యి. ఏమైందో నాకు రాయి.