పూలు ఎండబెట్టే ముందు పెద్దమ్మ మాట

చిట్టితల్లీ,

మేడ మీద పూలు పెంచి, ఎండబెట్టి, సంక్రాంతికి ఫ్లవర్ వాజుల్లో సర్ది ఇస్తానని నలుగురికి మాటిచ్చావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత మురిసిపోయానో, అంత టెన్షన్ కూడా పట్టుకుంది.

పెంచడం పెద్ద పని కాదు. బొగడబంతి, కోడిజుట్టు గింజలు జూలైలో చల్లితే అక్టోబరు కల్లా కోతకొస్తాయి. చామంతి కుండీలు మాత్రం వీధి దీపం పడే వైపు పెట్టకు. రాత్రి చీకటి లేకపోతే అది మొగ్గ తొడగదు. వరి కుచ్చులు, పగిలిన పత్తికాయల కొమ్మలు ఇక్కడి నుంచి నేను పంపిస్తాను, కొనకు.

నా భయమంతా ఎండబెట్టడం దగ్గరే. పెళ్లికి ముందు మీ అమ్మ బ్రాడీపేట ఇంట్లో బొమ్మల కొలువు కోసం ఇదే పని పెట్టుకుంది. మొదటి వాయి ఎండలో పరిస్తే రంగంతా వెలిసిపోయింది. రెండో వాయి నీడలోనే ఆరబెట్టింది. ఇంతలో తుపాను వస్తోందని రేడియోలో విని, కంగారుగా కోడిజుట్టు పూలన్నీ ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి అటకెక్కించింది. పైపైన తడిమితే గలగలలాడాయి మరి! ఆ పువ్వు మడతల లోపల తేమ దాగుంటుందని ఎవరికీ తట్టలేదు. భోగి ముందురోజు విప్పితే తెల్లటి బూజు, ముక్కిన వాసన. ముట్టుకుంటే ఎర్రటి పువ్వు ముద్దముద్దగా ఊడి వేళ్లకంటుకుంది. ఆ రాత్రి మీ అమ్మ అన్నం ముట్టలేదు. గుంటూరు పిల్లవి, పచ్చి ఆరని మిర్చి బస్తాకెత్తితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా?

అందుకని పొద్దున మంచు ఆరాక కొయ్యి. ఆకులు దూసి, పదేసి కాడలకు రబ్బరు బ్యాండు వెయ్యి. ఎండేకొద్దీ కాడ సన్నబడుతుంది, దారమైతే జారిపోతుంది. ఎండ పడని గదిలో తలకిందులుగా వేలాడదీసి ఫ్యాను వెయ్యి. కింద పేపరు పరుచు, కోడిజుట్టు నుంచి రాలే నల్ల గింజలే వచ్చే ఏడాదికి విత్తనం. పువ్వు మొదట్లో కాడ వంచి చూడు. టక్కున విరిగితే సరే, వంగిందా, ఇంకో వారం ఉంచు. తొందరపడితే నేనే వచ్చి తిడతాను.

డిసెంబరు వచ్చింది కదా, వానలు పోయాయనుకోకు. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. ఎండిన పూలు అట్టపెట్టెల్లో పెట్టు, ఆ పెట్టెలు కింది వాటాలో వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు విజయవాడలో మీ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నువ్వు ఫోన్ ఎత్తని ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

గులాబీలకు తేమ పీల్చే సిలికా జెల్ పూసలు కావాలి. నీలం పూసల్లో కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో పాకే పిల్ల ఉంది, అవి కొనకు. తెల్లవి తెచ్చినా పైన అరలోనే పెట్టు. వాన మొదలైతే పూల కోసం మేడ మెట్ల మీద పరుగెత్తకు తల్లీ, నాచు మీద కాలు జారుతుంది. ఆషాఢంలో అమ్మతో కలిసి వచ్చి గింజలు పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ