ఛానల్ పుట్టినరోజు ప్రోగ్రాం మీద జనం మాట: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి చైతన్యకు,

అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ ఛానల్ వార్షికోత్సవం స్పెషల్ వచ్చే ఆదివారం సాయంత్రం వేస్తున్నారు. దాని మీద ప్రేక్షకులు ఏమన్నారో అంతా చదివి మీటింగులో చెప్పే పని నీ నెత్తిన పడింది. మీ పైవాళ్ళకి కావాల్సింది మాత్రం "ఎంత శాతం పాజిటివ్" అనే ఒక్క అంకె. నీ గొంతులో టెన్షన్ బాగానే వినిపించింది. ఫోన్లో అయితే సగం మాటలు గాల్లో పోతాయి, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నా సర్వీసంతా ప్రేక్షకుల ఉత్తరాల విభాగంలోనే గడిచింది కదా, జనం ముద్దులూ శాపనార్థాలూ రెండూ ఒకే గోనెసంచిలో వచ్చి మా బల్ల మీద పడేవి.

ఆ శాతం ఇవ్వు, అడిగారు కాబట్టి. కానీ చివరి పేజీలో పెట్టు. మామూలు ఎపిసోడ్ మీద వచ్చే మాట వేరు, పుట్టినరోజు ప్రోగ్రాం మీద వచ్చే మాట వేరు. సీరియల్లో అత్తగారి పాత్రని తిడితే ఆ సీరియల్ బాగా నడుస్తోందని లెక్క. పుట్టినరోజు ప్రోగ్రాం చూసి తిట్టేవాడు తన ఇంట్లో మీ ఛానల్ మోగిన ఇన్నేళ్ళకీ లెక్క అడుగుతున్నాడు. "ఫలానా ఆవిడని ఎందుకు పిలవలేదు?" "ఆ పాత ప్రోగ్రాం పేరైనా ఎత్తలేదేం?" ఆ రాత్రి నీకు ఎక్కువగా కనిపించేవి ఇలాంటివే. వీటిని తీసుకెళ్ళి నెగెటివ్ ఖాతాలో రాశావంటే నీ రిపోర్టు అక్కడే దారి తప్పింది. "ఎందుకు పిలవలేదు" అని అడిగేవాడు మిమ్మల్ని మర్చిపోనివాడు. నిజంగా విసిగిపోయినవాడు ఏమీ రాయడు, ఛానల్ మార్చేసి అన్నం తింటాడు. అందుకని "మర్చిపోయారు" అనే మాటలకి విడిగా ఒక పేజీ తెరువు. నా దృష్టిలో నీ రిపోర్టుకి ప్రాణం ఆ పేజీయే.

దూరదర్శన్ సంగతే చూడు. హైదరాబాద్ కేంద్రాన్ని 1977 అక్టోబర్ 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. ప్రాంప్టర్ లేని ఆ కాలంలో ఆయన ఏళ్ళ తరబడి చదివారు. ఇవి చరిత్ర. కానీ అక్టోబర్లో ఆ కేంద్రం పుట్టినరోజు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్ళు చెప్పుకునేది ఈ తేదీలు కావు. ఆయన వార్తలు మొదలయ్యేసరికి తమ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో చెబుతారు. వీధిలో ఎవరింట్లో టీవీ ఉండేదో, చిత్రలహరి రోజున ఆ ఇంటి అరుగు మీద చెప్పులెలా పేరుకునేవో చెబుతారు. యాంటెన్నా తిప్పడానికి డాబా ఎక్కిన అన్నయ్య పైనుంచి "వచ్చిందా?" అని అరిస్తే కింద నుంచి "ఆ, ఆ, అక్కడే ఉంచు!" అని అరవడం చెబుతారు. 2024 ఏప్రిల్లో శాంతిస్వరూప్ పోయినప్పుడు కూడా అంతే, ఆయనకి నివాళి రాస్తూ జనం తమ నాన్నల గురించి రాసుకున్నారు. నీకొచ్చే కామెంట్లలో కూడా సగం మీ ప్రోగ్రాం గురించి ఉండవు. వాటిని "సంబంధం లేనివి" అని పక్కకి తోసెయ్యకు. మీ ఛానల్ ఏ గంటకి, ఏ గదిలో, ఎవరి పక్కన చూశారో అందులోనే ఉంటుంది. మీ సేల్స్ వాళ్ళు డబ్బిచ్చి సర్వే చేయించినా అంత వివరం రాదు.

ఇప్పుడు మెచ్చుకోళ్ళ సంగతి. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. ప్రతి మెచ్చుకోలు పక్కనా అది పాత క్లిప్పుకి వచ్చిందా, కొత్తగా తీసినదానికి వచ్చిందా అని రాసుకో. ఈటీవీకి "పాడుతా తీయగా" ఉంది. 1996లో బాలుగారు మొదలుపెట్టినది, 2020లో ఆయన పోయాక ఆయన కొడుకు చరణ్ నడిపిస్తున్నది. పాడిన పిల్లవాడి తప్పుని నొప్పించకుండా సరిదిద్దుతున్న బాలుగారి ముక్క ఒకటి ఎవరు ఎక్కడ వేసినా కళ్ళు చెమరుస్తాయి. అలాంటి ముక్కలు మీ ఛానల్ కి కూడా నాలుగైదు ఉంటాయి. వాటికి వచ్చిన కన్నీళ్ళని మీ స్టేజీ డాన్సుల మార్కుల్లో కలిపేస్తే అది మోసమే. నాలుగు గంటల ప్రోగ్రాంలో పొగడ్తంతా పాత క్లిప్పులు కూర్చిన ఆరు నిమిషాల ఏవీ (వీడియో) దగ్గరే పోగుపడిందనుకో, ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. మిగతా మూడు గంటల యాభై నాలుగు నిమిషాలకి ఎంత ఖర్చయిందో మీ ప్రొడ్యూసర్ కే తెలుసు, నువ్వు ఆ లెక్క ఎత్తక్కర్లేదు. వాళ్ళంతట వాళ్ళే వేసుకుంటారు.

పాత టైటిల్ పాటల గురించి ఒక మాట. దూరదర్శన్ సంకేత సంగీతం వినగానే, అది రవిశంకర్ కూర్చినదని తెలియనివాళ్ళు కూడా పని ఆపి తలెత్తుతారు. "ఋతురాగాలు" పాట, "అమృతం" పాట కూడా అంతే, మొదటి లైను వినిపిస్తే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు అందుకుంటారు. ఇలాంటిది వేసి, సరిగ్గా పల్లవి దగ్గర యాంకర్ మైకు తీసుకుని "వావ్, ఏమంటారు సార్, నోస్టాల్జియా!" అంటే ఇంట్లో వాళ్ళకి ఎక్కడ కాలుతుందో నీకు చెప్పనక్కర్లేదు. అలాంటి కోపం వస్తే దాన్ని నిమిషంతో సహా రాయి. యూట్యూబ్ లో కొందరు టైము వేసి మరీ తిడతారు చూడు, "1:42:10 దగ్గర పాట ఎందుకు కోశారు" అని. నీకు వాళ్ళకన్నా మేలు చేసేవాళ్ళు లేరు. "సూపర్", "ఆసమ్", గుండె బొమ్మలు వెయ్యి వచ్చినా ఆ ఒక్క కామెంటుకి సరిరావు.

కామెంట్లు ఎప్పుడు చదవాలి అని అడిగావు. ప్రసారమైన రాత్రి చదువు, కానీ ఏ నిర్ణయానికీ రాకు. ఆ రాత్రి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్టేజీ మీదకొచ్చిన హీరోల ఫ్యాన్స్, సీరియల్ జంటల ఫ్యాన్స్. వాళ్ళు మీ ఛానల్ పుట్టినరోజుకి రాలేదు, తమవాడికి ఎన్ని నిమిషాలిచ్చారో కొలవడానికి వచ్చారు. "ఫస్ట్ కామెంట్", "మా అన్న ఎంట్రీకి లైక్ వేసుకోండి" అన్నవన్నీ తీసి పక్కన పెట్టు. సోమవారం మధ్యాహ్నం నుంచి మాట మారుతుంది. ఇంటి పనయ్యాక ఫోన్లో చూసినవాళ్ళు, అమెరికాలో వీకెండ్ కని దాచుకుని పిల్లలతో కలిసి చూసినవాళ్ళు, వీళ్ళు కాస్త పొడుగ్గా రాస్తారు. అందుకని మంగళవారం మీటింగ్ అంటే ఆ పై వారం గురువారానికి జరపమని అడుగు. టీవీ రేటింగులిచ్చే బార్క్ సంస్థ మీ ఆదివారం లెక్క బయటపెట్టేది కూడా అప్పుడేగా, రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చని చెబితే కాదనరు. రేటింగు ఎంతమంది చూశారో చెబుతుంది. చూస్తూ చూస్తూ ఏమనుకున్నారో దానికేం తెలుసు?

మీ ఆఫీసులో కామెంట్లని మంచీ చెడూ విడదీసే సాఫ్ట్‌వేర్ ఉందన్నావు. వాడుకో, కానీ దానికి మన వెటకారం రాదు. "మీకో దండంరా బాబూ" అని చేతులు జోడించిన బొమ్మ పెడితే అది భక్తి అనుకుంటుంది. "చంపేశాడు మా శీనన్న" అంటే హత్యకేసు అనుకుంటుంది. పైగా మనవాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్ళు రాస్తారు. తెలుగు లిపిలో వెతికి "ఇంతే వచ్చాయి" అని తేల్చేస్తే ముప్పాతిక వంతు జారిపోతాయి. ఒక రెండు వందలైనా నువ్వే కళ్ళతో చదువు. వాటిని సాఫ్ట్‌వేర్ ఏమందో దానితో పోల్చి చూస్తే ఎంతవరకు నమ్మాలో తెలిసిపోతుంది.

వెనకటికి దూరదర్శన్లో "సురభి" అని ఒక ప్రోగ్రాం వచ్చేది. చివర ప్రశ్న అడిగేవాళ్ళు. ఒక్క వారంలో 14 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చిన సందర్భం ఉందని చెబుతారు. ఆ దెబ్బకి తపాలా శాఖ పోటీల కోసం విడిగా 2 రూపాయల కార్డు తెచ్చింది. అంత వరదలో కూడా మన సంగతి మారలేదు. జవాబు కోసం రాసినవాళ్ళే ఎక్కువ, మనసులో మాట కోసం రాసినవాళ్ళు తక్కువ. నువ్వు బహుమతి పెట్టి కామెంట్లు అడిగితే ఇప్పుడూ అదే జరుగుతుంది. గిఫ్ట్ హ్యాంపర్ కోసం వచ్చిన పొగడ్తని లెక్కలోంచి తీసెయ్.

రాయనివాళ్ళ మాట కూడా కావాలి. మీ ప్రేక్షకుల్లో పెద్ద భాగం వాళ్ళే. నరసాపురంలోనో సిద్ధిపేటలోనో ఇద్దరు కేబుల్ ఆపరేటర్లకి ఫోన్ చెయ్యి. ఏ ఛానల్ రాకపోతే ఎవరు ముందు తిడతారో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తర్వాత ఒక పదిమంది ఇంటి ఆడవాళ్ళతో మాట్లాడు. "ప్రోగ్రాం బాగుందాండీ?" అని మాత్రం అడగకు. మనవాళ్ళు మర్యాదస్తులు, "బాగుందండీ" అనేసి ఫోన్ పెట్టేస్తారు. "మధ్యలో ఎప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళారు? మళ్ళీ వచ్చి కూర్చున్నారా?" అని అడుగు. "ఆ పిల్లలెవరో డాన్సులు మొదలెట్టారు, సరేలే అని పప్పు పోపు పెట్టుకొచ్చా, వచ్చేసరికి ఇంకా అదే నడుస్తోంది" అని చెబుతారు. నీకు కావాల్సింది దొరికినట్టే.

కొన్ని ఫిర్యాదులు ప్రతి ఛానల్ కీ వచ్చేవే. సినిమా ప్రమోషన్ ఎక్కువైందనీ, ప్రోమోలో చూపించిన గొడవ ప్రోగ్రాంలో లేదనీ, స్కిట్లలో ఒళ్ళు లావుగా ఉన్నవాళ్ళని వెక్కిరించారనీ. ఇవి ఒక్క పేరాలో చెప్పెయ్, అందరికీ తెలుసు. అయితే యాస మీద వచ్చిన మాటని మాత్రం ఆ పేరాలో కలపకు. 2014లో రాష్ట్రం రెండయ్యాక దూరదర్శన్ కూడా విజయవాడకి సప్తగిరి, హైదరాబాద్ కి యాదగిరి అని విడదీసుకుంది. ప్రైవేటు ఛానళ్ళు రెండు రాష్ట్రాలకీ ఒకే ప్రోగ్రాం వేస్తాయి. స్టేజీ మీద సన్మానం పొందేవాళ్ళంతా ఒక వైపువాళ్ళయి, తెలంగాణ మాట వినిపించేది స్కిట్లో తాగుబోతు నోట మాత్రమే అయితే, కరీంనగర్లో కూర్చున్నవాళ్ళకి అది ఎలా ఉంటుంది? శ్రీకాకుళం వాళ్ళకీ ఇదే బాధ ఉంటుంది. ఈ కోపం పది కామెంట్లలోనే కనిపించినా పైకి తీసుకెళ్ళు. అంకె చిన్నదని వదిలెయ్యకు.

ఇంకో తమాషా చూస్తావు. వేరే ఛానల్లో వచ్చిన ప్రోగ్రాం మీ ఛానల్ దే అనుకుని "అమృతం క్లిప్ ఎందుకు వెయ్యలేదు?" అని నిలదీస్తారు. అది జెమినీలో వచ్చిందని ఎగతాళిగా జవాబు పెట్టకు. మీ కుర్రాళ్ళని కూడా పెట్టనివ్వకు. ఆ కాలపు నవ్వు కావాలని అడుగుతున్నారు, అంతే అని రాసుకో.

ఇక ఆ "మర్చిపోయారు" పేజీతో ఏం చెయ్యాలంటే, దాన్ని పట్టుకుని మీ టేపుల లైబ్రరీకి వెళ్ళు. ఒక్కో పేరూ ఒక్కో ప్రోగ్రామూ ఉందో లేదో అడుగు. ఆ రోజుల్లో టేపు ఖరీదు, అందుకని చాలాచోట్ల పాతదాని మీదే కొత్తది రికార్డు చేసేవాళ్ళు. ఉన్న బీటాక్యామ్ టేపులు కూడా ఆడించే మిషను లేక మూలపడి ఉంటాయి. ఉన్నవి వారానికొకటి చొప్పున బయటికి తియ్యమని రిపోర్టులో అడుగు, పుట్టినరోజు వేడి చల్లారకముందే. లేనివాటికి "ఆ టేపు మా దగ్గర లేదండీ, మీ ఇంట్లో వీసీఆర్ క్యాసెట్లో ఎవరైనా రికార్డు చేసి పెట్టుకున్నారా?" అని ప్రేక్షకుల్నే అడగండి. పెళ్ళి క్యాసెట్ల మధ్యన అలాంటివి ఇంకా చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. పేరు మర్చిపోయిన కెమెరామ్యాన్లూ మేకప్ వాళ్ళూ ఎవరైనా జనం కామెంట్లలో తేలితే, వాళ్ళ ఫోన్ నంబరు వెతికించి ముందు నువ్వే పలకరించు. ఇది పని పరిధిలోకి రాదంటారు, ఫరవాలేదు.

రిపోర్టులో జనం మాటల్ని వాళ్ళు రాసినట్టే ఉంచు, అక్షరదోషాలతో సహా. పేర్లు మాత్రం తీసెయ్. నాలుగు పేజీలు దాటనివ్వకు, దాటితే ఎవరూ చదవరు.

ఆదివారం నేనూ చూస్తాను, మీ మామయ్య క్రికెట్ పెట్టకుండా ఉంటే. నా అభిప్రాయం ఫోన్లో చెబుతాలే, రిపోర్టులో కలపకు. ఇంటివాళ్ళ ఓట్లు లెక్కలోకి రావు. వేళకి తిను. మీ అమ్మకి మోకాలు ఎలా ఉందో అడిగానని చెప్పు.

ఇట్లు,
అత్తయ్య